నరైన్ కార్తికేయన్ ఐదు పాయింట్ల లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అబ్బాయికి పదమూడేళ్లు. రెండేళ్లుగా కార్టింగ్ (చిన్న కార్టు బండ్లతో రేసులు) చేస్తున్నాడు, ఇక ఫార్ములా కార్లు నడుపుతానంటున్నాడు. మీరు నరైన్ కార్తికేయన్ లెక్కలు తీసి చూశారు. ఫార్ములా వన్‌లో 46 రేసులు, 5 పాయింట్లు, ఆ ఐదూ ఆరు కార్లే పరుగెత్తిన ఒక రేసులో వచ్చినవి. ‘దేశంలో అందరికంటే ముందు అక్కడికి చేరినవాడి పరిస్థితే ఇదైతే, మావాడిని ఏ నమ్మకంతో పంపాలి? అసలు అతను గెలిచినట్టా, ఓడినట్టా?’ అన్నారు.

నేను డ్రైవర్ని కాను, శిక్షకుడినీ కాను. మాది నెల్లూరు, స్థిరపడింది చెన్నైలో. పాతికేళ్లకు పైగా శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద మార్షల్‌గా నిలబడుతున్నాను. మార్షల్ అంటే మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాడు, కారు గోడను గుద్దుకుంటే మంటలార్పే సిలిండరుతో పరుగెత్తేవాడు. జీతం ఉండదు. ఒక టోపీ, మధ్యాహ్నం భోజనం పొట్లం, సాయంత్రానికి కమిలిన మెడ దక్కుతాయి. టీవీలో చూసేవాళ్లకు రేసు మొత్తం కనిపిస్తుంది. మాకు రోజంతా ఒకే మలుపు కనిపిస్తుంది, ఆ మలుపులోకి ఎవరు ఎక్కడ బ్రేకు వేస్తున్నారో కనిపిస్తుంది. నా జవాబు ఆ ఒక్క మలుపు దగ్గర నిలబడి చూసినవాడి జవాబు అనుకోండి.

ముందు ఆ ఆరు కార్ల రేసు సంగతి తేల్చేద్దాం. నరైన్ పేరెత్తితే చాలు, వెక్కిరించేవాళ్లు మొదట దాన్నే బయటికి తీస్తారు.

2005 జూన్ 19న ఇండియానాపోలిస్‌లో జరిగిన రేసు అది. అక్కడ చివరి మలుపు ఏటవాలుగా లేచిన గోడలాంటి రోడ్డు. కారు పూర్తి వేగంతో దాని మీద వాలి వెళుతుంది, బరువంతా ఎడమవైపు టైర్ల మీద పడుతుంది. పైగా ఆ ఏడాది ఒక విచిత్రమైన నియమం ఉండేది: క్వాలిఫయింగ్‌కూ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే పరుగు) రేసుకూ కలిపి ఒకే సెట్టు టైర్లు, మధ్యలో మార్చకూడదు. శుక్రవారం సాధనలో రాల్ఫ్ షూమాకర్ నడిపిన టయోటా టైరు ఆ మలుపులోనే పేలి కారు గోడకు కొట్టుకుంది. మిషెలిన్ కంపెనీ తన టైర్లు రేసు దూరం మొత్తం నిలుస్తాయని హామీ ఇవ్వలేనంది. మలుపు ముందు వేగం తగ్గించే అడ్డు పెట్టమని జట్లు అడిగాయి, అధికారులు ఒప్పుకోలేదు. దాంతో మిషెలిన్ టైర్లున్న 14 కార్లు గ్రిడ్ (కార్లు బయలుదేరే వరుస) వైపు ఒక చుట్టు తిరిగి, నేరుగా పిట్‌లోకి, అంటే గ్యారేజీల వైపు వెళ్లిపోయాయి. మిగిలినవి బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు: రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్లు, రెండు మినార్డీలు. ఫెరారీలు ముందు, జోర్డాన్లు తరువాత, మినార్డీలు చివర. కార్ల బలాబలాలు ఎలా ఉన్నాయో ఫలితం అచ్చంగా అలాగే వచ్చింది. నరైన్ నాలుగో స్థానం (మీరు చూసిన ఐదు పాయింట్లు దానివే), సహచరుడు టియాగో మొంతేరో మూడో స్థానం. ఫెరారీ వాళ్లు బహుమతుల వేదిక మీద నుంచి ముభంగా దిగిపోతే మొంతేరో ఒక్కడే నిలబడి సంబరం చేసుకున్నాడు. నాకు ఇప్పటికీ ఆ దృశ్యం చూస్తే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది.

ఆ రేసు నరైన్ గొప్పతనాన్ని చాటేదీ కాదు, తక్కువ చేసేదీ కాదు. సాక్ష్యంగా అది పనికిరాదు, పక్కన పెట్టేయండి. అయితే దాన్ని పక్కన పెట్టాక అతని ఫార్ములా వన్ ఖాతాలో సున్నా మిగులుతుంది, మీ ప్రశ్న ఇంకా బలపడుతుంది. నిజమే. అందుకే ఆ ఖాతా పుస్తకంలో ఏముందో కాస్త ఓపిగ్గా చూడాలి.

మోటార్ రేసింగ్‌లో ఒక చిక్కు ఉంది. పరుగు పందెంలో అందరికీ ఉండేవి రెండేసి కాళ్లే. ఇక్కడ ఒకడికి గుర్రం, ఇంకొకడికి గాడిద ఇచ్చి ఒకే గీత మీద నిలబెడతారు. ఫలితాల పట్టిక చూస్తే మనకు తెలిసేది ముందు కారు సంగతి, ఆ తరువాతే మనిషి సంగతి. మనిషిని చూడాలంటే అందరికీ ఒకే రకం కారు ఇచ్చిన పోటీలు వెతకాలి. నరైన్ జీవితంలో అలాంటివి చాలానే ఉన్నాయి, మన పత్రికలు వాటికి లోపలి పేజీలో నాలుగు లైన్లు కేటాయించాయి.

అతని ఇల్లు కోయంబత్తూరు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ పేరున్న ర్యాలీ డ్రైవర్, దక్షిణ భారత ర్యాలీని ఎన్నోసార్లు గెలిచినవాడు. బంధువు కరివర్ధన్ అంతకంటే పెద్ద పేరు. చెన్నై దగ్గరి షోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగే రోజుల్లో అతనే హీరో. మారుతి 800 ఇంజన్ తీసి, చిన్న ఒంటి సీటు కారు తయారుచేసి, ఫార్ములా మారుతి అనే పోటీకి ప్రాణం పోసింది అతనే. ఆ ఇంజన్ 796 సీసీ. మీ వీధిలో కూరగాయలకు వెళ్లివచ్చిన కారు గుండెకాయే అది. మా శ్రీపెరుంబుదూరులో ఆ కార్లు మలుపులోకి వస్తుంటే శబ్దం కుట్టుమిషన్లు వరసపెట్టి కుడుతున్నట్టు ఉండేది. నవ్వులాటగా కనిపించినా అందులో ఒక పాఠం ఉంది. ఇంజన్‌లో బలం లేదు కాబట్టి మలుపులో పోగొట్టుకున్న వేగం మళ్లీ తిన్నగా ఉన్న రోడ్డు మీద దొరకదు. బ్రేకు తక్కువ, స్టీరింగు సున్నితం. ఇవి నేర్చుకోనివాడు అక్కడ గెలవలేడు. నరైన్ నేర్చుకున్న బడి అది. 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూలుకు వెళ్లేనాటికి అతనికి పదిహేనేళ్లు.

తరువాత మెట్లు త్వరగా చెప్పేస్తాను. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతాకాల సిరీస్ టైటిల్. యూరప్‌లో ఒక భారతీయుడు గెలిచిన మొదటి ఛాంపియన్‌షిప్ అదే. 1996లో ఫార్ములా ఆసియా టైటిల్. 1998 నుంచి మూడేళ్లు బ్రిటిష్ ఫార్ములా త్రీ, ఫార్ములా వన్‌కు వెళ్లే దారిలో ఒక మెట్టు. ఇక్కడ కాస్త ఆగుదాం, మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ మూడేళ్లలోనే ఉంది.

1999లో బ్రిటిష్ ఫార్ములా త్రీలో నరైన్ బ్రాండ్స్ హ్యాచ్‌లో గెలిచాడు, ఏడాది చివరికి ఆరో స్థానం. అదే పోటీలో మూడో స్థానంలో నిలిచిన ఇంగ్లిష్ కుర్రాడు జెన్సన్ బటన్. మరుసటి ఏడాదే అతను విలియమ్స్ కారెక్కాడు, 2009లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2000లో నరైన్ నాలుగో స్థానం. అతనికి ఒక్క మెట్టు పైన, మూడో స్థానంలో, జపాన్ కుర్రాడు టకుమా సాటో. ఆ తరువాతి ఏడాది సాటో అదే టైటిల్ గెలిచాడు, ఆ మాట దాచను. కానీ అతని వెనుక హోండా ఉంది. సుజుకాలో ఆ కంపెనీ నడిపే రేసింగ్ బడి విద్యార్థి అతను. 2002లో హోండా ఇంజన్‌తో నడిచే జోర్డాన్ జట్టులో అతనికి సీటు దొరికింది. నరైన్ 2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ కారు నడిపి ఫార్ములా వన్ కారు నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. అదే ఏడాది జోర్డాన్ కారునూ పరీక్షించాడు. పరీక్షించి ఇంటికి వచ్చాడు. రేసు సీటు రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆ మధ్యలో మినార్డీ జట్టు 2004 సీజన్‌కు అవకాశం ఇస్తానంది, తేవలసిన స్పాన్సర్ డబ్బు సమకూరక అదీ పోయింది.

సాటోకూ నరైన్‌కూ మధ్య వేగంలో ఉన్న తేడా ఒక మెట్టు. వెనుక నిలబడ్డవాళ్లలో ఉన్న తేడా ఒక కార్ల కంపెనీ. డ్రైవర్లలో తొలి పదిమంది వరకూ వేగం తీసుకెళుతుంది. ఆ పదిమందిలో ముగ్గుర్ని ఎంచుకునేటప్పుడు వేరే కొలబద్ద బయటికి వస్తుంది.

2002 నుంచి 2004 వరకూ అతను స్పెయిన్ కేంద్రంగా నడిచిన నిస్సాన్ వరల్డ్ సిరీస్‌లో ఉన్నాడు. అందరికీ ఒకే ఛాసిస్, ఒకే ఇంజన్. 2003లో రేసులు గెలిచి మొత్తం మీద నాలుగో స్థానం తెచ్చుకున్నాడు, 2004లో వలెన్సియాలోనూ మాన్యికూర్‌లోనూ గెలిచాడు. టాటా సంస్థ, జేకే టైర్ వెంట నిలబడ్డాయి. 2005లో జోర్డాన్ సీటు దక్కింది. అప్పటికే ఆ జట్టును ఎడ్డీ జోర్డాన్ అమ్మేశాడు, కొత్త యజమానులు వచ్చారు, కారు గ్రిడ్‌లో చివరి రెండు జట్లలో ఒకటి. మెల్‌బోర్న్‌లో మొదటి రేసు. వాన పడి ఆగిన క్వాలిఫయింగ్‌లో ఆ కారును 12వ స్థానంలో నిలబెట్టాడు, రేసు 15వ స్థానంలో ముగించాడు. సీజన్ చివర చైనాలో గోడను గట్టిగా గుద్దుకున్నాడు. మొంతేరో ఆ ఏడాది 19 రేసుల్లో 18 పూర్తిచేశాడు. చిన్న జట్టుకు కారు ముక్కలవకుండా ఇంటికి తెచ్చేవాడు ముద్దు. నరైన్ వేగంగా ఉండేవాడు కానీ మొంతేరో అంత జాగ్రత్తగా ఉండేవాడు కాదు. తరువాతి ఏడాది మొంతేరో సీటు నిలిచింది, ఇతనిది పోయింది. అభిమానిగా నాకు బాధ వేసింది, కారు మరమ్మతు బిల్లు కట్టే యజమానిగా ఆలోచిస్తే ఆ నిర్ణయంలో తప్పు పట్టలేను.

ఇక్కడ ఒక తమాషా చెప్పకుండా ఉండలేను. ఆ జోర్డాన్ జట్టే చేతులు మారి మారి 2007లో విజయ్ మాల్యా చేతికి వచ్చి, 2008లో ఫోర్స్ ఇండియా అయింది. మాల్యా కూడా మా షోళవరం మనిషే. కుర్రతనంలో అక్కడ పాత ఫార్ములా వన్ కారు తెచ్చి నడిపాడు. కారు మీద మూడు రంగులు వేశారు, పేరులో దేశం పేరు పెట్టారు. పదేళ్లకు పైగా నడిచిన ఆ జట్టు తరఫున ఒక్క భారతీయుడూ రేసు నడపలేదు. పాయింట్లు కావాలి, పాయింట్లు తెచ్చే అనుభవజ్ఞులు కావాలి, అంతే. వ్యాపారంలో అది న్యాయమే కావచ్చు. మీవాడు పెద్దయ్యేసరికి మన కంపెనీ ఏదో ఒకటి జట్టు కొంటుంది, మనవాణ్ణి తీసుకుంటుంది అని మాత్రం ఆశ పెట్టుకోకండి.

విలియమ్స్‌లో రెండేళ్లు టెస్ట్ డ్రైవర్‌గా పనిచేశాక, నరైన్ ఏ1 జీపీలో భారత జట్టు కారెక్కాడు. దేశానికొక జట్టు, అందరికీ అచ్చంగా ఒకే కారు. 2007 డిసెంబరులో చైనాలోని జుహాయ్‌లో గెలిచాడు, 2008 మేలో బ్రాండ్స్ హ్యాచ్‌లో మళ్లీ గెలిచాడు. రెండుసార్లూ రేసు తరువాత జనగణమన మోగింది. ఆ రోజు మనలో ఎంతమంది టీవీ పెట్టారు? నేనూ పెట్టలేదు, ఆదివారం నిద్రలో ఉన్నాను.

2009లో లె మాన్స్ 24 గంటల రేసుకు ఆడీ కారుతో వెళ్లాడు. రేసు మొదలవబోతుండగా భుజం కీలు తప్పింది, మిగిలిన ఇద్దరే నడిపారు. 2010లో అమెరికా వెళ్లి నాస్కార్ ట్రక్ సిరీస్ నడిపాడు. అభిమానుల ఓటింగ్‌లో ఆ ఏటి అత్యంత ప్రజాదరణ పొందిన డ్రైవర్ అవార్డు అతనికే వచ్చింది. అక్కడి మనవాళ్లు ఓట్లు గుద్దేసి ఉంటారని నా అనుమానం. అదే ఏడాది పద్మశ్రీ.

2011లో హెచ్ఆర్‌టీ అనే స్పెయిన్ జట్టుతో మళ్లీ ఫార్ములా వన్. మీరు చూసిన 46 రేసుల్లో సగానికి పైగా ఈ జట్టువే, కాబట్టి ఈ కారు సంగతి తెలియాలి. మెల్‌బోర్న్‌కు వచ్చేసరికి కొత్త కారు పూర్తిగా తయారే కాలేదు. గ్యారేజీలో బిగిస్తూనే శుక్రవారం సాధన దాదాపంతా పోగొట్టుకున్నారు. క్వాలిఫయింగ్ మొదటి దశలో అందరికంటే వేగంగా తిరిగినవాడి సమయానికి 107 శాతం లోపు రాకపోతే రేసుకు అనుమతి లేదన్న నియమం ఆ ఏడాదే తిరిగి వచ్చింది. నరైన్ సమయం 1 నిమిషం 34.293 సెకన్లు, సహచరుడు లియూజ్జీది 1 నిమిషం 32.978. ఇద్దరూ ఆ హద్దు లోపు రాలేదు, ఇద్దరూ రేసు చూస్తూ కూర్చున్నారు. లియూజ్జీ సెకనుకు పైగా ముందున్నాడన్నది కూడా గమనించండి. నేను నరైన్‌కు వకాల్తా పుచ్చుకోవడం లేదు. మధ్యలో జూలైలో అతని సీటు డానియల్ రికార్డో అనే కొత్త కుర్రాడికి ఇచ్చేశారు.

ఆ అక్టోబరు 30న మన గడ్డ మీద మొదటి ఫార్ములా వన్ రేసు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కు చెన్నై నుంచి మార్షళ్లం చాలామందిమి రైలెక్కి వెళ్లాం. శుక్రవారం ఉదయం మొదటి సాధన మొదలైన కాసేపటికే ట్రాక్ మీదికి కుక్క వచ్చింది. ఎర్ర జెండా, సాధన ఆగింది. ప్రపంచం మొత్తానికి మేము పరిచయమైన తీరు అది. ఆ మలుపు మాది కాకపోవడం మా అదృష్టం.

ఆదివారం నా చేతిలో నీలి జెండా. నీకంటే ఒక చుట్టు ముందున్న కారు వెనుక నుంచి వస్తోంది, దారి ఇవ్వు అని చెప్పే జెండా అది. నరైన్ ఆ ఒక్క రేసుకోసం తిరిగి సీటు సంపాదించుకుని వచ్చాడు. స్టాండ్లలో అతని పేరున్న అట్టలు, అరుపులు. 60 చుట్ల రేసు. సెబాస్టియన్ వెటెల్ అతన్ని మూడు చుట్లు దాటేశాడు. అంటే లక్షమంది అతని కోసం కేకలు వేస్తుంటే, నా పని అతనికి పక్కకు తప్పుకోమని జెండా ఊపడం. వెటెల్‌కు, బటన్‌కు, అలోన్సోకు, అలా వరసగా. చేయి లాగింది.

అక్కడ నిలబడితే టీవీలో కనిపించనిది ఒకటి కనిపించింది. దారి ఇవ్వడానికి కారు పక్కకు జరిగినప్పుడు, రేసు గీత (అందరూ వేగంగా వెళ్లే దారి) వదిలి అరిగిన రబ్బరు ముక్కలు పేరుకున్న చోటికి వెళుతుంది. ఆ ముక్కలు వేడి టైర్లకు అంటుకుంటాయి. తరువాత రెండు మూడు మలుపుల వరకూ టైరుకు పట్టు ఉండదు, కారు వెనుక భాగం జారుతూ ఉంటుంది. అవి వదిలేలోపు మళ్లీ నీలి జెండా. నరైన్ నా మలుపులోకి వచ్చేముందే, నేను జెండా ఎత్తకముందే, అద్దంలో చూసుకుని, బ్రేకు వేసే చోట కాకుండా తిన్నగా ఉన్న రోడ్డు మీదే దారి ఇచ్చి, మలుపులోకి మళ్లీ తన గీత మీదికి వచ్చేసేవాడు. అలా చేస్తే పోయేది పావు సెకను. మలుపు మధ్యలో తప్పుకుంటే పోయేది రెండు సెకన్లు. వెనుక ఎవరో చూస్తూ ముందుకు నడపడం, అదీ పట్టు లేని కారుతో, గంటన్నరకు పైగా. చివరికి 17వ స్థానం. అదే జట్టు రెండో కారులో ఉన్న రికార్డో 18వ స్థానం. తరువాత రెడ్ బుల్ కారుతో గ్రాండ్ ప్రిలు గెలిచిన రికార్డోనే అతను. ఒక్క రేసుతో ఇద్దరిలో ఎవరు గొప్పో చెప్పేయలేం. కానీ ఒకే కారు, ఒకే రోజు, ఆ ఫలితం. పాయింట్ల పట్టికలో అది సున్నా.

2012లో మలేసియాలో వాన రేసు. నరైన్ మొదటినుంచీ పూర్తి వాన టైర్లతో దిగాడు. వర్షం ముదిరి రేసు ఆపేసేసరికి ఆ హెచ్ఆర్‌టీ పదో స్థానంలో ఉంది. ఆట మళ్లీ మొదలయ్యాక కారు తన అసలు స్థానానికి జారిపోయింది అనుకోండి. అదే రేసులో వెటెల్ అతన్ని దాటుతూ గీత మీదికి తిరిగి వచ్చేటప్పుడు నరైన్ ముందు రెక్క తగిలి వెటెల్ టైరు చీరుకుపోయింది, నాలుగో స్థానం పోయి అతను పదకొండోవాడయ్యాడు. కోపంలో జర్మన్‌లో దోసకాయ అని తిట్టాడు. మనకు దోసకాయ పప్పులోకి వెళుతుంది, వాళ్లకు రోడ్డు మీద నడపడం రానివాడికి అదొక బిరుదట. అధికారులు నరైన్‌కే 20 సెకన్ల శిక్ష వేశారు. నేను ఆ వీడియో ఎన్నోసార్లు చూశాను. నా లెక్కలో దాటే కారు ముందుగా కత్తిరించింది. మార్షళ్లలోనే ఈ మాట మీద రెండు వర్గాలున్నాయి, వాదన ఇంకా తెగలేదు.

అదే ఏడాది అబుదాబిలో కారు మొరాయించి వేగం తగ్గిన క్షణంలో, వెనుక నుంచి వచ్చిన నికో రోస్‌బర్గ్ మెర్సిడెస్ అతని కారు మీదుగా ఎగిరిపడింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. ఏడాది చివర బ్రెజిల్‌లో 18వ స్థానం, ఆ తరువాత హెచ్ఆర్‌టీ జట్టే మూతపడింది. ఆ ఏడాది క్వాలిఫయింగ్‌లో సహచరుడు పెద్రో దె లా రోసా దాదాపు ప్రతిసారీ ఇతనికంటే ముందున్నాడు. అదీ చెప్పాలి.

చాలామంది ఇక్కడితో కథ ముగించేస్తారు. అప్పటికి అతనికి ముప్పై ఐదేళ్లు. 2013లో ఆటో జీపీలో రేసులు గెలిచాడు. 2014 నుంచి 2018 వరకూ ఐదు సీజన్లు జపాన్‌లో సూపర్ ఫార్ములా. ఫార్ములా వన్ బయట మలుపుల్లో అంత వేగంగా తిరిగే కార్లు మరోచోట లేవనే చెప్పాలి. భాష రాని దేశంలో, ఆ ట్రాకుల మీదే పుట్టిపెరిగిన కుర్రాళ్ల మధ్య, ఒక్క ఏడు కాదు, ఐదేళ్లు జట్లు అతన్ని ఉంచుకున్నాయి. 2019లో నకజిమా జట్టు హోండాతో సూపర్ జీటీ నడిపాడు. ఆ పోటీలో టైర్ల కంపెనీల మధ్య యుద్ధం జరుగుతుంది, నకజిమా వాళ్ల డన్‌లప్ టైర్లు చాలాచోట్ల వెనకబడ్డాయి. సీజన్ ముగిశాక నవంబరులో ఫుజీలో జర్మనీ డీటీఎం కార్లూ జపాన్ సూపర్ జీటీ కార్లూ కలిసి ఒక ప్రత్యేక పోటీ నడిపాయి. రెండు దేశాల మేటి డ్రైవర్లు, అందరికీ ఒకే కంపెనీ టైర్లు. ఏడాదంతా వెనక్కి లాగిన టైర్ల బెడద ఆ వారాంతం లేదు. నవంబరు 24న రెండో రేసు గెలిచింది నరైన్ కార్తికేయన్. నలభై రెండేళ్ల వయసు.

బ్రాండ్స్ హ్యాచ్, వలెన్సియా, జుహాయ్, ఫుజీ. చేతిలో అందరితో సమానమైన సాధనం ఉన్నచోట అతను గెలిచాడు. మీరు అడిగిన ‘గెలిచినట్టా, ఓడినట్టా’కు నా జవాబు ఇదే. సమానమైన సాధనం దొరకని ఒక్క చోటే ప్రపంచం అంతా చూసింది. 2021లో అర్జున్ మైనీ, నవీన్ రావులతో కలిసి పూర్తి భారతీయ జట్టుగా ఏషియన్ లె మాన్స్ సిరీస్ నడిపాడు. ఆ తరువాత వాడిన ద్విచక్ర వాహనాలను బాగుచేసి అమ్మే డ్రైవ్‌ఎక్స్ అనే వ్యాపారం మీదికి దృష్టి మళ్లించాడు, టీవీఎస్ అందులో పెట్టుబడి పెట్టింది. రేసు వదిలాక ఏమీ తోచక కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ఆ మాట కూడా లెక్కలోకి తీసుకుంటాను.

ఇక మీ అబ్బాయి. ‘ఫార్ములా వన్ వస్తుందా’ అన్న ప్రశ్నను ఇంట్లో నిషేధించండి. ఇంతవరకూ అక్కడ రేసు నడిపిన భారతీయులు నరైన్, కరుణ్ చందోక్, ఇద్దరే. ఇప్పుడు సూపర్ లైసెన్సుకు (ఫార్ములా వన్ నడపడానికి కావలసిన అనుమతి) 40 పాయింట్లు కావాలి, ఆ పాయింట్లు ప్రధానంగా యూరప్ పోటీల్లోనే దొరుకుతాయి, అక్కడ ఒక్కో సీజన్ ఖర్చు మీ ఇంటి విలువతో పోల్చుకోవలసి వస్తుంది. జీతం తీసుకుని కారు నడిపే వృత్తి మాత్రం ఇంకా విశాలమైనది: జీటీ కార్లు (మామూలు స్పోర్ట్స్ కార్ల రేసు రూపాలు), ఎండ్యూరెన్స్ (గంటల తరబడి సాగే రేసులు), టెస్టింగ్, శిక్షణ. హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి శ్రీపెరుంబుదూరు, కోయంబత్తూరు, నోయిడా తిరుగుతూనే యూరో జేకే ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మన హుస్సేన్‌సాగర్ పక్కనే 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ పోటీ కరెంటు కార్లు తిరిగాయి. మరుసటి ఏడు రేసు రద్దయింది, రోడ్డు మీద గీతలు మిగిలాయి. ఇక్కడ ఏదీ స్థిరం కాదని అలవాటు చేసుకోవాలి.

వాడిలో సరుకు ఉందో లేదో చూడటానికి డబ్బు అక్కర్లేదు. కార్టింగ్ ట్రాక్‌కు వెళ్లి, వాడికి అలవాటైన కార్టు వదిలేసి, అక్కడ అందరూ తిట్టుకునే కార్టు ఇవ్వమనండి. దానితో పది చుట్లు. మొదటి చుట్టుకూ పదో చుట్టుకూ తేడా ఎంతో ఫోనులో చూసుకోండి. దిగి వచ్చి ‘బండి బాగాలేదు’ అంటే ఇంకా చిన్నవాడు. ‘మూడో మలుపులో ముందుగా బ్రేకు వేస్తే తిరుగుతోంది నాన్నా’ అంటే నాకు ఫోన్ చేయండి. వాన పడిన రోజు తప్పకుండా నడపనివ్వండి. డబ్బు విషయంలో ఈ ఏడాదికి ఇంత అని కాగితం మీద రాసి, ఆ కాగితం మీ ఆవిడ దగ్గర పెట్టండి. ఊళ్లో స్థలం అమ్మి కొడుకును ఒక సీజన్ నడిపించిన తండ్రి ఒకాయన నాకు తెలుసు. కుర్రాడు బాగానే నడిపాడు. రెండో సీజన్‌కు అమ్మడానికి ఇంకో స్థలం లేదు.

మరొకటి. వాణ్ణి పంపేముందు మీరే ఒకసారి రండి, ప్రేక్షకుడిగా కాదు, మార్షల్‌గా. శ్రీపెరుంబుదూరులో రేసు ఉన్న వారాంతాల్లో మాకు ఎప్పుడూ మనుషులు తక్కువే. జెండాలు ఎలా పట్టుకోవాలో పొద్దున్నే నేర్పిస్తాం. చివరి వరుసలో వచ్చే కుర్రాడికి రోజంతా నీలి జెండా ఊపి, సాయంత్రం వాడు కారు దిగి వాళ్ల నాన్నతో ఏం మాట్లాడుతున్నాడో వినండి. ఉదయం ఆరున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. నీళ్ల సీసా, మెడ కప్పే టోపీ మర్చిపోకండి.